రజాక్ సాయిబు ఉప్పునీళ్ళ తొట్టి

చిట్యాల దాటి ఎటూ పోకుండానే సముద్రం చూసినవాళ్ళు ఆ ఊళ్ళో కొందరున్నారు. విజయవాడ రోడ్డు పక్కన రజాక్ కూలర్ల దుకాణం ఉండేది. దాని వెనక అర్రలో, గోడ వారకు, ట్రంకుపెట్టె అంత గాజుతొట్టిలో ఆ సముద్రం ఉండేది. అందులో విశాఖపట్నం ఒడ్డు నుంచి వచ్చిన నల్లటి రాళ్ళు, వాటి మీద గుండీలంతేసి పచ్చటి పగడపు మొగ్గలు, ఆ మొగ్గల నడుమ ఒక పెద్ద పువ్వు. అందరూ పువ్వనే అనేవారు గాని అది పువ్వు కాదు, ప్రాణి. సేమ్యాల్లాంటి దాని వేళ్ళు నీళ్ళలో ఊగుతుంటే, నల్లచారల పసుపు చేపలు రెండు దానికి దూరం దూరంగా మసులుతుండేవి.

చూడవచ్చినవాళ్ళు ముందు గాజుకు ముక్కు ఆనించి చూసేవారు. తర్వాత వేలు ముంచి నాలుకకు రాసుకుని "అబ్బో, నిజంగనే ఉప్పు" అనేవారు. వేలు ముంచేముందు చెయ్యి కడుక్కోమని రజాక్ చెంబు అందించేవాడు. ఆ ఒక్క విషయంలో తప్ప అతను ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

రజాక్ దూదేకులోళ్ళ బిడ్డ. తండ్రి ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఆ దూది దుమ్మే ఛాతీలో చేరి, కొడుక్కు మీసాలు రాకముందే పోయాడు. తల్లి జన్నత్ బీ కూలికి పోయి సాకింది. కలుపు తీసేది, ఆముదపు గెలలు కోసేది, ఎండాకాలం చేలల్లో పనుల్లేనప్పుడు రోడ్డు పనికి పోయి కంకర కొట్టేది. రజాక్ హైదరాబాదులో ఫ్రిజ్‌ల పని నేర్చుకున్నాడు. ఎనభై రెండులో, కట్టంగూర్ మెహమూద్ వెంట జిద్దా పోయాడు.

అక్కడొక పెద్ద వ్యాపారి ఇంట్లో ఏసీలు చూసుకునే పని దొరికింది. ఆ ఇంటి హాల్లో ఒక గోడ పొడుగునా గాజుతొట్టి. ఎర్రసముద్రం నుంచి తెచ్చిన పగడపు రాళ్ళు, రంగురంగుల చేపలు. నీళ్ళను చల్లబరిచే యంత్రం ఉండేది కాబట్టి అదీ రజాక్ నెత్తిన పడింది. తొట్టిని చూసుకునే మనిషి ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ముసలాయన. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. ఆ సగంతోనే ముసలాయన అతనికి ఒక సంగతి నేర్పాడు.

"సముద్రం పెద్దది. ఎంత ఎండ కాసినా తెల్లారేసరికి దాని ఒంటి వేడి మారిపోదు. అందులో పుట్టినవాటికి అదాటున వచ్చే మార్పు తెలియదు. నీ తొట్టి చిన్నది. చిన్నది తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారుతుంది. వేడి ఒక్కటే కాదు, ఆ తొందర కూడా వాటిని చంపుతుంది. నువ్వు తొట్టికి నిదానం నేర్పు, అంతే."

రజాక్ నేర్పాడు. ఆ హాల్లో పొద్దస్తమానం శాలువా కప్పుకునేంత చల్లగా ఉండేది.

రెండో ఏడు ఎండల్లో మెహమూద్ సెలవు మీద ఇంటికి పోయి వచ్చాడు. రజాక్ ఎత్తుపీట మీద నిలబడి తొట్టిలో థర్మామీటర్ చూస్తున్నాడు. మెహమూద్ వాకిట్లోనే ఆగి, "కిందికి దిగు రజాక్" అన్నాడు.

"ఆగు భాయ్, ఒక్క నిమిషం."

"దిగు, చెప్త."

దిగాక చెప్పాడు. జన్నత్ బీకి వడదెబ్బ తగిలింది. కంకర కుప్ప దగ్గరే పడిపోయింది. ఒక్క చెట్టు లేని జాగా. తోటివాళ్ళు బండి తెచ్చి దవాఖానకు మళ్ళించేలోపలే ఖతం. మట్టి చేసి కూడా చాలా రోజులైంది. ఊరివాళ్ళకు ఇతని చిరునామా తెలియక, మెహమూద్ వచ్చిందాకా ఆ కబురు అట్లాగే ఉండిపోయింది.

రజాక్ ఏడవలేదు. మళ్ళీ ఎత్తుపీట ఎక్కి, వదిలేసిన పని పూర్తిచేసి దిగాడు. ఆ తర్వాత కూడా ఒప్పందం తీరేదాకా అక్కడే ఉన్నాడు. ఉన్నన్ని రోజులూ ఆ చల్లటి హాల్లోకి అడుగుపెట్టినప్పుడల్లా అతనికి ఒంట్లో ఏదో తప్పుగా ఉన్నట్టు అనిపించేది.

తిరిగొచ్చాక తిరుమలగిరి పిల్ల షంషున్నీసాను చేసుకున్నాడు. రోడ్డు పక్కన షెడ్డు వేసి కూలర్లు చేయడం మొదలుపెట్టాడు. రేకు కత్తిరించడం, డబ్బా బిగించడం, మూడు పక్కలా వట్టివేళ్ళ తడిక కట్టడం, పంకా, నీళ్ళు పైకి తోసే చిన్న మోటారు. పనివాడని పేరొచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. షంషున్నీసా నోరు కాస్త పెద్దదే గాని, పెనిమిటి మౌనాన్ని సర్దుకుపోవడం తొందరగానే నేర్చుకుంది.

యోహాను ఆమె ఊరివాడే, లారీ డ్రైవరు. విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు సరుకు తోలేవాడు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ షెడ్డు ముందు లారీ ఆపి, "చెల్లే, చాయ్ పెట్టు" అని కేకేసేవాడు. తొంభై ఒకటిలో ఒకనాడు అతను పిల్లలకు గవ్వలు తెచ్చాడు. రజాక్ ఒక గవ్వను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చుని, "బావా, ఈసారి సముద్రం నీళ్ళు తెస్తవా?" అన్నాడు.

"ఏం జేస్తవ్ బావా? ఉప్పు కాస్తవా?"

"రాళ్ళు, చిన్న చేపలు గూడ కావాలె. ఒడ్డున బండల మీద పువ్వు లెక్క ఉంటయ్ చూడు, గవి. చేపలోళ్ళను అడిగితే ఇస్తరు."

ఎందుకు కావాలో అతను చెప్పలేదు. తనకే సరిగ్గా తెలియదేమో.

మొదటిసారి తెచ్చినవన్నీ చచ్చి వచ్చాయి. నీళ్ళు డీజిలు డబ్బాల్లో పట్టారు. పైన రంగుల తెట్టె తేలింది. రాళ్ళను యోహాను భద్రంగా ఉంటాయని క్యాబిన్లో ఇంజను పక్కన పెట్టుకున్నాడు. అవి దారి పొడుగునా ఉడికి, మూత తీసేసరికి పంక్చర్ల దుకాణం దాకా కంపు కొట్టింది. యోహాను ముక్కు మూసుకుని, "గీ పీనుగులను మోసినందుకు నాకు పాపం తగుల్తది బావా" అన్నాడు.

రెండోసారి రజాక్ కొత్త డబ్బాలిచ్చాడు. వాటికి తడి గోనెసంచులు చుట్టి, క్యాబిన్ మీద గాలి తగిలేచోట కట్టమన్నాడు. ఎక్కడ ఆగినా గోనెలను తడపమన్నాడు. ఈసారి బతికి వచ్చాయి. తొట్టిలో నీళ్ళు నిలిచి, రాళ్ళు కుదురుకున్నాక, ఒక పొద్దున పువ్వు విచ్చుకుంది. పిల్లలు కేకలు పెట్టారు. షెడ్డు పక్కన సోడాల బండి పెట్టుకున్న జంగమ్మ చేతిలో గోలీసోడా అట్లాగే పట్టుకుని లోపలికొచ్చి, "నా తల్లే" అని నిలబడిపోయింది.

బతికించి తేవడం ఒక ఎత్తు, చిట్యాల ఎండల్లో బతికించి ఉంచడం ఇంకో ఎత్తు. ఇక్కడ చల్లబరిచే యంత్రం లేదు. ఉన్నా కరెంటు నిలకడగా ఉండదు. మార్చి దాటితే అర్రలో కుండలోని నీళ్ళే గోరువెచ్చగా అవుతాయి. తొట్టిలో వేడి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర నిలవాలి. ముప్పై దాటితే పగడపు మొగ్గలు మూసుకుపోతాయి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి.

ఆ మొదటి ఎండాకాలం అతను ఒక పొరపాటు చేశాడు. జంగమ్మ బండి దగ్గర మంచుగడ్డ కొని, సంచిలో కట్టి నీళ్ళలో దించాడు. నీళ్ళు ఇట్టే చల్లబడ్డాయి. మంచు కరిగాక ఇట్టే వేడెక్కాయి. పొద్దుగూకేసరికి మూడు చేపల్లో ఒకటి పక్కకు ఒరిగి తేలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే ఈజిప్టు ముసలాయన మాట గుర్తొచ్చింది.

ఆ తర్వాత తను రోజూ చేసే పనినే తొట్టికీ చేశాడు. కూలరు చేసేదీ కుండ చేసేదీ ఒకటే పని. తడి ఆరేటప్పుడు వేడిని వెంటబెట్టుకుని పోతుంది. తొట్టి మీది గాజుమూత తీసేసి, నీళ్ళ పైనుంచి గాలి జారిపోయేటట్టు ఒక చిన్న పంకా ఏటవాలుగా కట్టాడు. నీళ్ళు ఆరుతూ చల్లబడ్డాయి. అయితే ఆరిపోయేది నీళ్ళే గాని ఉప్పు కాదు. వదిలేస్తే తొట్టి చిక్కటి ఉప్పురసం అవుతుంది. అందుకని గాజు మీద సుద్దతో గీత గీసి, తగ్గినంత మేరకు రోజూ మంచినీళ్ళు పోసేవాడు. చిట్యాల బోరునీళ్ళు ఫ్లోరైడుతో మనుషుల ఎముకలనే వంకర్లు తిప్పుతున్నాయి, ఈ ప్రాణులు తట్టుకుంటాయా? వానాకాలం ఇంటి పెంకుల మీంచి కారే నీళ్ళను పీపాల్లో పట్టి, బట్ట కట్టి దాచి, ఏడాదంతా వాడేవాడు.

ఆ ఎండల్లోనే ఒక మధ్యాహ్నం మాట తూలింది. పిల్లలిద్దరికీ చెమటకాయలు లేచి ఏడుస్తున్నారు. అమ్ముడుపోవాల్సిన కూలర్లన్నీ పోయాయి, ఇంట్లో ఒక్కటీ లేదు. షంషున్నీసా అర్రలోకి తొంగిచూస్తే పంకా చేపల మీద తిరుగుతోంది.

"మనుషులు మాడిపోతుంటే చేపలకు గాలి పెట్టినవా? మీ అమ్మకు గూడ ఎవరన్న గిట్ల ఇసిరిండ్రా?"

అనేసి నాలుక కరుచుకుంది. రజాక్ పంకా విప్పి తెచ్చి పిల్లల దగ్గర పెట్టాడు. షెడ్డులోకి పోయి పొద్దుగూకేదాకా రేకు కత్తిరించాడు. మర్నాడు ఇంట్లోకి ఒక కూలరు చేసి బిగించాడు. ఆ మాట మళ్ళీ ఇద్దరి మధ్యా రాలేదు. కాని షంషున్నీసా ఆనాటి నుంచి ఆ అర్రలోకి అడుగుపెట్టడం మానేసింది. చుట్టాలొచ్చి చూపించమంటే, "గాయననే అడుగుండ్రి" అనేది.

చలికాలంలో ఇంకో తిప్పలు. తెల్లవారుజామున నీళ్ళు మరీ చల్లబడేవి. బల్బు వేలాడదీసి చూశాడు. కరెంటు పోతే అదీ లేదు. అప్పుడు గొర్లు కాసే కురుమోళ్ళ బీరమ్మ గుర్తొచ్చింది. ఆమే, పెనిమిటి ఐలేశమూ రోజూ మందను రోడ్డు దాటించుకుని షెడ్డు వెనక నుంచే పోయేవారు. ఆమె చేతికర్ర ఊపి అరిచిందంటే లారీలు కూడా ఆగేవి.

"బీరమ్మక్కా, ఒక గొంగడి కావాలె."

"నీకు గొంగడెందుకు సాయిబూ? రజాయిలు కుట్టే ఇంట్ల పుట్టినవ్."

"నాకు గాదు. చేపలకు."

బీరమ్మ కర్ర మీద ఒరిగి పడీ పడీ నవ్వింది. "నా లగ్గమైన కాన్నుంచి గింత నవ్వలే" అంది. అయినా మర్నాడు ఒక పాత గొంగడి తెచ్చి, తనే తొట్టి చుట్టూ చుట్టి, తాడు కట్టింది. కట్టేటప్పుడు చెప్పింది: "సలికే గాదు, ఎండకు గూడ గిదే కప్పుతం మేం. తడిపి కప్పిచూడు, గాజు సల్లగుంటది." ఆ సలహా రజాక్‌కు ఎండాకాలం బాగా పనికొచ్చింది. తడి గొంగడి చుట్టిన తొట్టి మధ్యాహ్నం కూడా మాటవినేది.

అట్లా నాలుగేళ్ళు గడిచాయి. యోహాను అప్పుడప్పుడు కొత్త నీళ్ళు తెచ్చేవాడు. ఒకసారి తన పాత లారీ క్యాబిన్‌లోని చిన్న పంకా ఊడదీసి ఇచ్చాడు. అది బ్యాటరీ మీద తిరుగుతుంది. కరెంటు పోయినప్పుడు రజాక్ దాన్ని తొట్టి మీద బిగించేవాడు.

తొంభై అయిదు మే నెలలో గాలిదుమారం లేచింది. వాన నాలుగు చినుకులే. గాలి మాత్రం పెంకులు లేపింది, తాటిచెట్లు విరిచింది, నార్కట్‌పల్లి వైపు కరెంటు స్తంభాలను వరసగా పండబెట్టింది. దుమారం పోయాక వచ్చిన ఎండ అంతకు ముందెన్నడూ ఎరగనిది. స్తంభాలు ఎప్పుడు లేపుతారో ఎవరికీ తెలియదు. మంచు ఫ్యాక్టరీ మూతపడింది. కూలర్లున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకటైపోయారు.

రజాక్ బ్యాటరీని పొదుపుగా వాడాడు. పొద్దున, సాయంత్రం విసనకర్రతో తనే విసిరేవాడు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మాత్రం లారీ పంకా వేసేవాడు. కుండనీళ్ళు నింపిన సీసాలకు మూత బిగించి, ఒకటి తీస్తూ ఒకటి దించుతూ ఉండేవాడు. అట్లా నీళ్ళ వేడిని ముప్పై దాటకుండా పట్టుకున్నాడు. షంషున్నీసా వాకిట్లోంచి అన్నం పళ్ళెం లోపలికి జరిపి పోయేది.

ఆ మధ్యాహ్నం ఐలేశం అరుపు వినబడింది. "సాయిబూ! ఓ సాయిబూ!"

రజాక్ బయటికి ఉరికాడు. ఐలేశం భుజం మీద బీరమ్మ గోనెసంచిలా వేలాడుతోంది. గొర్లకు కొమ్మలు కొట్టడానికి పోయి, రోడ్డు పక్కన పడిపోయిందట. దగ్గరలో నీడంటే ఈ షెడ్డే.

"ఒళ్ళు పెనం లెక్క కాలుతాంది సాయిబూ. నన్ను గుర్తుపడ్తలేదు. ఏదో ఒదరుతాంది."

రజాక్ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టాడు. చెమట లేదు. ఎండిన మట్టిని ముట్టినట్టుంది. అమ్మ నుదురు కూడా ఇట్లాగే ఉండి ఉంటుందని తోచింది. మరుక్షణం అర్రలోకి పోయి తొట్టి మీది పంకా లాగేశాడు. బ్యాటరీని రెండు చేతులా ఎత్తుకొచ్చాడు.

"షంషూ! నీళ్ళు! తొట్టికి దాచినయన్ని తే!"

నీళ్ళొచ్చాయి. ఐలేశం చెంబు తీసుకుని పెండ్లాం నోట్లో పోయబోయాడు. షంషున్నీసా చెయ్యి పట్టుకుంది. "తెలివి లేనోళ్ళకు పొయ్యొద్దన్నా, గొంతుకు అడ్డం పడ్తది." చాపలు అడ్డం కట్టి మగవాళ్ళను అవతలికి పంపి, జంగమ్మా తనూ కలిసి బీరమ్మ బట్టలు వదులు చేశారు. పలచటి చీర తడిపి కప్పారు. ఐలేశం ఒక తడి గొంగడి కూడా తెచ్చి కప్పబోతే రజాక్ ఆపాడు.

"గొంగడి వద్దన్నా. పలచగ ఉండాలె. తడుపుడు, ఇసురుడు. ఆరినకొద్ది వేడి దిగుతది."

పంకా తిరిగింది. చీర ఆరుతుంటే మళ్ళీ తడిపారు. మెడకు, చంకలకు తడిగుడ్డలు పెట్టారు. పెంకుల మీంచి పట్టి ఏడాదంతా దాచిన వాననీళ్ళు షెడ్డు నేల మీద పారాయి. కొంతసేపటికి బీరమ్మ వదరడం ఆపింది. ఆపినందుకు సంతోషించాలో భయపడాలో వాళ్ళకు తెలియలేదు.

"నల్లగొండ దవాఖానకు తీస్కపోవాలె" అన్నాడు రజాక్.

రోడ్డు మీదికి పోయి చేతులు అడ్డం పెట్టి ఒక ఖాళీ లారీని ఆపాడు. డ్రైవరు ఎవరో తెలియదు, సంగతి విని తలుపు తెరిచాడు. "క్యాబిన్ల వద్దన్నా. లోపల ఇంజను వేడి. వెనక పండబెడ్తం" అన్నాడు రజాక్. లారీ వెనక పైన నీడకు టార్పాలిన్ కట్టి, పక్కలు వదిలేశారు. మంచం మీద బీరమ్మను పడుకోబెట్టి, పీపాలో నీళ్ళు పెట్టుకున్నారు. లారీ కదిలింది. గాలి తడిచీర మీంచి కొట్టుకుపోయింది. రజాక్ దారి పొడుగునా చెంబుతో చల్లుతూనే ఉన్నాడు. ఐలేశం ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. నల్లగొండ పొలిమేరల్లో బీరమ్మ కనురెప్పలు కదిలాయి. "సలిబెడ్తాంది" అంది. ఐలేశం ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చాడు.

మర్నాడు పొద్దెక్కాక రజాక్ ఇంటికొచ్చాడు. తొట్టి సంగతి దారిలోనే వదులుకున్నాడు. తలుపు తీసి అర్రలోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. జంగమ్మ చేటతో నీళ్ళ మీద విసురుతోంది. షంషున్నీసా కొంగు నడుముకు దోపి, కుండనీళ్ళ సీసా మారుస్తోంది. ఆమె మోచేతి దాకా తడి.

"బీరమ్మక్క?" అని అడిగింది ముందు.

"బతికింది. గంజి తాగింది. లేవంగనె, నా గొర్లను ఎవరు తోలుకపోయిన్రు సాయిబూ అని లొల్లి."

జంగమ్మ చేట కిందపెట్టి, "ఇగ నేను పోత, బండి కాడ ఎవ్వరు లేరు" అని లేచిపోయింది.

రజాక్ తొట్టిలోకి చూశాడు. ఒక చేప చచ్చి ఉంది. రెండోది పైన నోరు తెరుచుకుని ఉంది. పగడపు మొగ్గలు చాలావరకు తెల్లగా పాలిపోయాయి. పువ్వు ముడుచుకుని ఎండిన రేగుపండంత అయింది. థర్మామీటర్ ముప్పై ఒకటి దగ్గర ఉంది.

"నువ్వెందుకు కూసున్నవే గీడ?"

"గాలి ఆపితే సస్తయని నువ్వే అంటవ్ గద. నిన్న నువ్వు పోయిన కాన్నుంచి వాడకట్టోళ్ళం తలా ఇంతసేపు ఇసురుతున్నం." ఆమె సీసా మూత బిగిస్తూ, అతని వైపు చూడకుండానే అంది, "గప్పుడు గా మాట నేను అనొద్దుండె."

ఏ మాటని అతను అడగలేదు. నేల మీద కూర్చున్నాడు. జంగమ్మ వదిలిన చేట అందుకుని విసరడం మొదలుపెట్టాడు.

"నువ్వన్నది నిజమే షంషూ. అమ్మకు ఎవ్వరు ఇసరలే. నేను గాడ జిద్దాల చేపలకు సల్లగ చేస్తున్న. గది నా తప్పని కాదు. నాకెట్ల ఎరుక? కని నాకొచ్చిన ఇల్ము, నేర్సిన ఇద్దె, గదొక్కటే, వేడి దించుడు. గది అమ్మకే అక్కరకు రాలే. ఇగ గా ఇల్ము ఎందుకున్నట్టు? కనీసం దీన్నన్న బతికించి చూద్దామనుకున్న."

పెళ్ళయ్యాక అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు.

"నిన్న అక్కరకొచ్చింది గద" అంది షంషున్నీసా.

అతను తలూపాడు. చేట ఆగలేదు. కాని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, జిద్దాలో ఎత్తుపీట దిగినప్పుడు రాని నీళ్ళు. ఆమె తుడవలేదు, వద్దనలేదు. పక్కన కూర్చుని ఇంకో సీసా నింపింది.

కరెంటు వచ్చాక రెండో చేప కోలుకుంది. పగడపు మొగ్గల్లో ఒక మూల ఉన్నవి మాత్రమే మిగిలాయి. పువ్వు చాలా రోజులు ముడుచుకునే ఉంది. జూన్ వానలు పడ్డాక ఒకనాడు షంషున్నీసాయే చూసి కేకేసింది. సగం వేళ్ళతో, కొంచెం వంకరగా విచ్చుకుంది.

ఆ మరుసటి ఏడు నుంచి రజాక్ షెడ్డులో ఒక మూల ఖాళీగా ఉంచడం మొదలుపెట్టాడు. అక్కడ నులకమంచం, మూడు పక్కలా వట్టివేళ్ళ తడికలు, పైనుంచి బొట్లుబొట్లుగా కారే నీళ్ళ గొట్టం, బ్యాటరీ పంకా. ఎండ తగిలి పడిపోయినవాళ్ళను ముందు అక్కడికి తెచ్చేవారు, తర్వాత దవాఖానకు పంపేవారు. అందరూ బతకలేదు. బండి తోలుకొచ్చిన ఒక ముసలాయన ఆ మంచం మీదే పోయాడు. ఆనాడు రజాక్ అన్నం తినలేదు. షంషున్నీసా మాత్రం మర్నాడు పొద్దున్నే తడికలు తడిపింది. ఎవరైనా వస్తే ముందు ఆమే పరిగెత్తేది. బీరమ్మకు ఎండ ఇక పడేది కాదు. ఎండాకాలం మందను పెనిమిటికి వదిలి ఆ మంచం దగ్గరికొచ్చి కూర్చునేది. తడి ఆరితే చల్లేది, వచ్చినవాళ్ళ మీద అరిచేది.

తొంభై ఎనిమిదిలో యోహానుకు చూపు మందగించింది. లారీ దిగిపోయాడు. కొత్త నీళ్ళు తెచ్చేవాళ్ళు లేకపోయారు. కొన్నాళ్ళు పాత నీళ్ళతోనే లాగారు. చేప అప్పటికే ముసలిదై చచ్చిపోయింది, మిగిలిన మొగ్గలూ పోయాయి. పువ్వు మాత్రం ఉంది. నీళ్ళు పాడవకముందే దాన్ని తీసుకుపోయి వదిలేద్దామని రజాక్ అన్నాడు.

"నేనొస్త" అంది షంషున్నీసా.

ఫిబ్రవరిలో, పిల్లలను తిరుమలగిరిలో దింపి, ఇద్దరూ బయలుదేరారు. బస్సులో విజయవాడ, అక్కడి నుంచి రైలు. రాయిని, దాని మీది పువ్వును, తొట్టి నీళ్ళు నింపిన డబ్బాలో పెట్టి తడిబట్ట చుట్టారు. డబ్బాను ఒడిలో పెట్టుకుని షంషున్నీసాయే కూర్చుంది. రైల్లో ఎవరో ఏముందని అడిగితే "ప్రాణం" అంది.

విశాఖపట్నంలో బండలున్న ఒడ్డు యోహాను గుర్తులు చెప్పిన చోటే ఉంది. షంషున్నీసా సముద్రాన్ని చూసింది. చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తి పట్టుకుని, అల వచ్చి మోకాళ్ళను తడిపేదాకా నిలబడింది.

రజాక్ బండల నడుమ నిలిచిన నీటిగుంట ఒకటి వెతికాడు. అందులో థర్మామీటర్ ముంచి చూశాడు, డబ్బాలో ముంచి చూశాడు. గుంటలోంచి గిన్నెడు నీళ్ళు తీసి డబ్బాలో పోశాడు. ఆగాడు. ఇంకో గిన్నెడు పోశాడు.

"గింత సముద్రం ముంగట వెట్టుకొని ఇంక లెక్కలేంది? వెయ్యరాదు" అంది ఆమె వెనక నుంచి.

"జర ఆగు. అలవాటు కానీ."

నిదానంగా నీళ్ళు ఒకటయ్యాయి. అప్పుడు రాయిని రెండు చేతులా తీసి గుంటలో, బండ నీడ పడేచోట దించాడు. పువ్వు ముడుచుకునే ఉంది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న జొన్నరొట్టెలు తిన్నారు. తినడం అయ్యేసరికి రెండు వేళ్ళు బయటికొచ్చాయి. షంషున్నీసా వంగి చూసింది.

"గీడ దీనికెవరు ఇసురుతరు?"

"ఎవ్వరక్కర లేదు" అన్నాడు రజాక్.

పోటు వచ్చి గుంట మీదికి నీళ్ళు ఎక్కేదాకా కూర్చున్నారు. ఇక రాయి కనబడలేదు. సాయంత్రం రైలెక్కారు. షంషున్నీసా కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆమె చీర అంచు నుంచి ఇసుక బోగీలోకి రాలింది. రజాక్ ఖాళీ డబ్బాను కాళ్ళ మధ్య పెట్టుకుని, ఇంటికి పోగానే కత్తిరించాల్సిన రేకుల గురించి, శివరాత్రి దాటితే మొదలయ్యే గిరాకీ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాడు.